చదవడం, చదువుకోవడం

(గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక సాయంత్రం, విజయవాడలోని ఒక శాఖా గ్రంథాలయంలో రిటైరైన ప్రూఫ్ రీడరు ఒకావిడ చేసిన ప్రసంగం. ఫోన్లో రికార్డు చేసింది విని రాసుకున్న పాఠం. మైకు సర్దుకున్న మాటలూ, మధ్యలో టీ వచ్చినప్పటి సందడీ తీసేశాం. మిగతాదంతా ఆవిడ మాట్లాడినట్టే ఉంది.)

అందరికీ నమస్కారం. వెనక వాళ్ళకి వినపడుతోందా? సరే.

వస్తూనే ఆ బోర్డు చూశాను. 'పుస్తక పఠనం – ప్రయోజనాలు' అని రాశారు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, ఎవరు రాశారోగానీ. అయితే ఫోన్ చేసినప్పుడు లైబ్రేరియన్ అమ్మాయి నాకీ సంగతి చెప్పలేదు. "ఏం లేదమ్మా, మీరు రోజూ ఎట్లా చదువుకుంటారో చెప్పండి చాలు" అంది. అందుకే ఒప్పుకున్నాను. ప్రయోజనాలంటే నాకు భయం. చదివితే జ్ఞాపకశక్తి పెరుగుతుందంటారు. ఇవాళ ఆటోలో గొడుగు మర్చిపోయి వచ్చాను. మనసు ప్రశాంతంగా ఉంటుందంటారు. పుస్తకం పట్టుకెళ్ళిన మనిషి ఆర్నెల్లు కనపడకపోతే నాకొచ్చే టెన్షన్ ఎట్లాంటిదో మా ఇంట్లో వాళ్ళని అడగండి, చెప్తారు. (నవ్వులు)

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. ఈ సంచిలో ఒక నవల ఉంది. ఇంట్లో బయల్దేరేటప్పటికి 48 పేజీలు మిగిలాయి. బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్ ఆగిపోయి ఆటో కదల్లేదు, ఇప్పుడు 42. కాబట్టి ఇంటికెళ్ళాలని మీకంటే నాకే తొందరగా ఉంది.

నేను పుట్టింది గుంటూరు, బ్రాడీపేటలో. మెట్టింది ఇక్కడ, పటమటలో. చేసిన ఉద్యోగం ప్రూఫ్ రీడరు. 1981 నుంచి 31 ఏళ్ళు, గవర్నర్‌పేట వైపు రెండు ప్రెస్సుల్లో చేశాను. ఇది వినగానే అందరూ ఒకటే అంటారు: "అబ్బ, హాయి. రోజంతా పుస్తకాలు చదవడమే పని." హోటల్లో గిన్నెలు కడిగే మనిషిని "అబ్బ, రోజంతా భోజనం మధ్యనే కదా" అన్నట్టుంటుంది నాకు.

ప్రూఫ్ రీడరు కథ చదవడు. అక్షరం చదువుతాడు. సీసపు అక్షరాల రోజుల్లో కంపోజిటర్ ఒక్కో అక్షరం, ఒక్కో ఒత్తు కేసులోంచి ఏరి పేర్చేవాడు. థకి ధ పడిందా, వత్తు ఊడిందా, దీర్ఘం ఎగిరిందా, ఇవే మా లోకం. ఒకరు రాతప్రతి పట్టుకుని పైకి చదవాలి, ఇంకొకరు ప్రూఫు దిద్దాలి. చదివే ఆయన కామా, పుల్‌స్టాపుతో సహా అప్పజెప్పేవాడు. "రాజారావు కామా నిట్టూర్చి కామా కిటికీ మూసెను పుల్‌స్టాపు." అట్లా ఎన్ని వందల పుస్తకాలు నా కళ్ళ ముందునుంచి వెళ్ళిపోయాయో. రాజారావు కిటికీ ఎందుకు మూశాడో నాకు తెలియదు. తెలుసుకోబోయానంటే తప్పు దాటేస్తాను. కథలో పడితే కన్ను జారుతుంది, అంతే.

ఒకసారి జారింది కూడా. కథ బాగుంది, నేను మనిషినే, లీనమైపోయాను. చివరి సన్నివేశంలో నాయకుడు తల్లి ఉత్తరం చదివి, 'అతని కళ్ళు చెమర్చాయి' అని ఉండాలి. అచ్చులో 'కాళ్ళు చెమర్చాయి' అని వచ్చింది. వెయ్యి కాపీలు. (నవ్వులు) మీరు నవ్వుతున్నారుగానీ ఆ రచయిత పదిహేను రోజులు మా ప్రెస్సు గుమ్మం తొక్కలేదు. అచ్చుతప్పుల్ని మేం ముద్దుగా అప్పుతచ్చులు అంటాం. ఆ రోజు మాత్రం ముద్దు రాలేదు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. సాయంత్రం ఆరున్నరకి ప్రెస్సు నుంచి ఇంటికొచ్చేదాన్ని. కళ్ళు మండేవి. వంట, పిల్లల హోంవర్కు, మా అత్తగారికి మందులు. అన్నీ అయ్యాక పదింటికి మళ్ళీ పుస్తకం తీసేదాన్ని. మా ఆయన, ఇప్పుడు లేరు, ఆశ్చర్యపోయేవారు. "పొద్దున్నుంచి చేసింది చాలలేదా?" అనేవారు. చాలా కాలం ఆయనకేం చెప్పాలో తెలిసేది కాదు. తర్వాత మన భాషే జవాబు చెప్పింది.

చూడండి, పాడింది అంటే కచేరీలో పాడింది. పాడుకుంది అంటే బట్టలు ఉతుకుతూ, తనకోసం. కుట్టింది అంటే ఎవరి జాకెట్టో. కుట్టుకుంది అంటే తనది. ఆ 'కొను' ఒక్కటి చేరితే పని మనది అయిపోతుంది. ప్రెస్సులో చదివాను. ఇంట్లో చదువుకున్నాను. అంతే తేడా. కానీ ఆ మాటకి మన ఊళ్ళో ఏం గతి పట్టిందో చూడండి. "మీ అబ్బాయి ఏం చేస్తున్నాడు?" "చదువుకుంటున్నాడండి." అంటే వాడు హాస్టల్లో, పొద్దున అయిదింటి నుంచి రాత్రి పది దాకా, ఎవరి ర్యాంకు కోసమో చదువుతున్నాడని అర్థం. అందులో 'కొను' ఏది? ముందు వరసలో యూనిఫాంలో ఉన్న అమ్మాయిలూ, మిమ్మల్ని అనడం లేదమ్మా. పరీక్షలకి చదవండి, తప్పదు. అయితే రోజులో ఓ పావుగంట, ఎవరూ అడగని పుస్తకం, మార్కుల్లేని పుస్తకం, దాచిపెట్టుకునైనా సరే... లైబ్రేరియన్ గారు నావైపు అదోలా చూస్తున్నారు, ఇక్కడితో ఆపుతాను. (నవ్వులు)

నా రోజు పొద్దున నాలుగున్నరకి మొదలవుతుంది. పాలవాడు అయిదుంబావుకి వస్తాడు. ఆ ముప్పావుగంట నాది. పేపరు తియ్యను, పేపరు తీస్తే ఊరంతా ఇంట్లోకొచ్చేస్తుంది. మా బాల్కనీలో ప్లాస్టిక్ వైరు కుర్చీ ఒకటుంది, మా పెళ్ళయిన కొత్తలో అల్లించింది. ఇప్పటికి మూడుసార్లు వైరు మార్పించాను. వీపు దగ్గర ఒక దిండు, కాళ్ళకి ఒక స్టూలు. కాఫీ గ్లాసు పిట్టగోడ మీద. పక్కింటి వాళ్ళ మోటారు మొదలయ్యేదాకా నిశ్శబ్దమే. ఆ మోటారు మోత వినగానే పేజీ మడతపెట్టను, ఆ అలవాటు నాకు లేదు, కరివేపాకు రెబ్బైనా సరే మధ్యలో పెడతాను. అందుకే నా పుస్తకాలు పోపు వాసన వస్తాయని మా మనవడు ఏడిపిస్తాడు.

ఎండాకాలం వేరే. బెజవాడ మే నెల గురించి మీకు చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం వడగాడ్పులకి తలుపులన్నీ వేసుకుని, గచ్చు మీద నీళ్ళు చల్లి, తడి ఆరకముందే చాప పరుచుకుని బోర్లా పడుకుని చదువుకోవడంలో ఉన్న సుఖం నాకు ఏ ఏసీ గదిలోనూ దొరకలేదు. మోచేతుల మీద చాప గీతలు పడేవి. ఎంతసేపు చదివానో ఆ గీతలు చూస్తే తెలిసేది.

ఆ కాలంలోనే వడియాల కాపలా. మా అత్తగారు గుమ్మడి వడియాలు పెట్టించేవారు. డాబా మీద పాత నూలుచీర పరిచి, పిండి పెట్టేసి, నన్ను కాపలా ఉంచి కిందికి వెళ్ళేవారు. కాకుల కోసం ఒక నల్లగొడుగు తెరిచి మధ్యలో పెట్టేవాళ్ళం. నేను వాటర్ ట్యాంకు నీడలో, గోడకి ఆనుకుని, చేతిలో నవల. ఒక రోజు, నాకింకా కళ్ళకి కట్టినట్టుంది, ఒక ఆవిడ పుట్టింటికి వెళ్ళాలా వద్దా అని గుమ్మంలో నిలబడే ఘట్టం. నేనూ ఆ గుమ్మంలోనే ఉన్నాను. కాకి వచ్చింది. గొడుగు మీదే వాలింది. అక్కణ్ణుంచి తీరిగ్గా దిగి ఒక్కో వడియం ఎత్తుకెళ్తుంటే నేను చూస్తూనే ఉన్నానట. అత్తగారు వచ్చేసరికి చీర చివర ఒక వరస మొత్తం ఖాళీ. కంగారుగా లేచి చీర సర్దబోతే వేళ్ళకి అంటిన పిండి పుస్తకం మీద పడింది. 112వ పేజీ. తుడిచాను, మరక ఆరింది, మర్చిపోయాను. వారం తర్వాత తీసి చూస్తే చీమలు ఆ పిండితో పాటు కాగితం కూడా గీకేశాయి. సరిగ్గా ఒక్క మాట పోయింది. 'ఆవిడ' అని ఉంది, తర్వాత బెజ్జం, ఆ తర్వాత 'వెళ్ళిపోయింది' అని ఉంది. ఏడుస్తూ వెళ్ళిందా, నవ్వుతూ వెళ్ళిందా, చెప్పకుండా వెళ్ళిందా? ఆ పుస్తకం ఇప్పటికి నాలుగుసార్లు చదివాను. నాలుగుసార్లూ వేరే వేరే మాట పెట్టుకున్నాను. ఇంకో కాపీ కొని చూడొచ్చు. కొనలేదు.

చిన్నప్పుడు గుంటూర్లో మాకు అద్దె పుస్తకాల షాపే దిక్కు. బ్రాడీపేటలో లైన్లకి నంబర్లు కదా, ఆ లైన్లలో ఒకదాని చివర చిన్న కొట్టు. ముందు డిపాజిట్ కట్టాలి, ఆపైన రోజుకి పది పైసలు. మాకు రోజు దాటితే ఇచ్చుకునే శక్తి లేదు. అందుకని నేనూ మా చెల్లీ ఒకే పుస్తకం ఒకేసారి చదివేవాళ్ళం. మంచం మీద పక్కపక్కన పడుకుని, చెరో అట్టా పట్టుకుని. నాకు వేగం ఎక్కువ. దానికి తక్కువ, పైగా మంచి వాక్యం వస్తే వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివేది. పేజీ అయిపోతే మంచం పట్టీ మీద రెండు వేళ్ళతో రెండుసార్లు కొట్టాలి, అది గుర్తు. ఎప్పుడూ కొట్టేది నేనే. "ఉండవే అక్కా" అనేది అది. ఆ ఆగిన అరనిమిషంలో నేనేం చెయ్యాలి? అదే పేజీ మళ్ళీ చూసేదాన్ని. నాకు ప్రూఫ్ రీడింగు అక్కడే అబ్బిందనుకుంటాను. ఆ పుస్తకాల అంచుల్లో అంతకుముందు చదివినవాళ్ళ రాతలుండేవి. 'వీడు మోసగాడు, నమ్మకు సుజాతా' అని ఎవరో నాయికకి పెన్సిల్‌తో హెచ్చరిక రాశారు. దాని కింద వేరే దస్తూరీలో 'ఆవిడ వినదు, నేను ముందే చదివాను' అని జవాబు. (నవ్వులు)

ఊళ్ళో ఎవరైనా కొత్తగా వచ్చి పుస్తకాలెక్కడ దొరుకుతాయంటే ఏలూరు రోడ్డు చూపిస్తాం. పాతవి కావాలంటే లెనిన్ సెంటర్. నాకు రెండోదే ఇష్టం. కొత్త పుస్తకాల షాపులో నేను వెతుకుతాను. పాత పుస్తకాల దగ్గర అవే నన్ను వెతుక్కుంటూ వస్తాయి. మొదటి పేజీలో 'చి.ల.సౌ. ఫలానాకి, పెళ్ళి కానుకగా' అని రాసున్న పుస్తకం పది రూపాయలకి అక్కడ పడి ఉంటే కాసేపు నిలబడి పోతాను. ఆ పెళ్ళి ఏమైందో అని కాదు. పోనీ, కొంచెం అదే అనుకోండి. ఆ వాసన కూడా. కాగితంలో చెట్టు నుంచి వచ్చిన లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. గాలీ వెలుతురూ తగిలేకొద్దీ అది మారిపోయి కాగితం పసుపెక్కుతుంది, కాగితం పాతబడేకొద్దీ వనిల్లా లాంటి తియ్యటి వాసనొకటి వస్తుంది. చెట్టు ముసలిదవడమే ఆ వాసన. మా మనవడు మాత్రం "అమ్మమ్మా, అది బూజు" అంటాడు. వాడూ పూర్తిగా తప్పు కాదు.

జనవరి ఒకటి నుంచి పదకొండు దాకా పుస్తకాల పండగ. మాకు సంక్రాంతి ముందుగానే వచ్చేసేది. స్వరాజ్య మైదానంలో, అదే పీడబ్ల్యూడీ గ్రౌండ్సులో, ఆ దుమ్ములో, రెండు సంచులతో. ఇప్పుడక్కడ అంబేద్కర్ గారి విగ్రహం ఉంది, పండగ వేరే చోట్లకి వెళ్ళింది. నా పద్ధతి ఒకటుండేది. మొదటి రోజు డబ్బులు తీసుకెళ్ళకూడదు, చూసి రావడమే. అయిదో రోజు జాబితాతో వెళ్ళాలి. ఆఖరి రోజు జాబితాలో లేనివి కొనాలి. ఈ పద్ధతి నేను ఒక్క సంవత్సరం కూడా పాటించలేదు. ఇట్లాంటి సభల్లో, చిరిగిన చొక్కా వేసుకునైనా మంచి పుస్తకం కొనుక్కోమనే మాట ఎవరో ఒకరు తప్పకుండా ఎత్తుతారు. నాకు దాని మీద చిన్న అభ్యంతరం ఉంది. చొక్కా మంచిదే వేసుకోండి. పుస్తకం కొనడానికి కష్టపడినట్టు కనపడాల్సిన అవసరం లేదు. పుస్తకం త్యాగం కాదు, జల్సా.

జల్సా అంటే గుర్తొచ్చింది. మనకి అటు, ప్రకాశం బ్యారేజి అవతల, మంగళగిరి దాటితే పెదవడ్లపూడి. అక్కడ 1935లో పాతూరి నాగభూషణం గారు కాలవలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. రోడ్లు సరిగా లేని రోజులు, జనం ఊరి నుంచి ఊరికి పడవల్లో వెళ్ళేవాళ్ళు. ఎంతసేపు పట్టేదో. ఆ ప్రయాణంలో చేతిలో పుస్తకం పెట్టాలని ఆలోచన వచ్చిన మనిషికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఆయన అక్షరాస్యత కోసం చేశారు, ఉద్యమం కోసం చేశారు, అదంతా నిజం. అంతకు ముందే 1914 ఏప్రిల్ 10న ఇదే బెజవాడలో, రామమోహన గ్రంథాలయంలో, అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. పెద్ద చరిత్ర. అయితే నాకు మాత్రం పడవలో కూర్చున్న ఆ మనిషే కనపడతాడు. గట్టు మీద మనుషులు తాడు కట్టి లాగుతుంటే పడవ మెల్లిగా కదులుతూ ఉంటుంది, నీటి మీది ఎండ పేజీ మీద ఊగుతూ ఉంటుంది. ఈయన దిగాల్సిన రేవు వచ్చినా లేవడు. అట్లాంటి వాళ్ళు ఒక్కరైనా ఉండి ఉంటారు. లేకుండా ఎట్లా ఉంటారు?

మీరు కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయం సెస్సు ఉంటుంది, తెలుసా? రసీదు చూసుకోండి. అంటే ఈ కుర్చీలూ, ఆ బీరువాలో 894.827 నంబరు కింద ఉన్న తెలుగు సాహిత్యమంతా మనం ఇప్పటికే డబ్బు కట్టిన సరుకు. కొట్లో డబ్బిచ్చి పప్పు అక్కడే వదిలేసి వస్తామా?

ఇప్పుడు చెప్పబోయేది అంత హాయిగా ఉండదు. ఉన్నా లేకపోయినా చెప్పాలి.

2024 సెప్టెంబరు 1. బుడమేరు వాగు వరద. మీలో సింగ్‌నగర్ వాళ్ళు ఉంటే చేతులెత్తనక్కర్లేదు, నాకు అర్థమవుతుంది. మా చెల్లి అక్కడే ఉంటుంది, గ్రౌండు ఫ్లోరు. పైవాళ్ళ ఇంట్లో తలదాచుకుంది. డ్రోన్లలో భోజనం పొట్లాలు వచ్చిన రోజులవి. తొమ్మిదో రోజుకి నేను వెళ్ళగలిగాను. గోడ మీద నీటి గీత నా ఛాతీ వరకూ ఉంది. ఫ్రిజ్ పడుకుని ఉంది. మా చెల్లి దేన్నీ చూడటం లేదు, పుస్తకాల బీరువా ముందు నిలబడింది.

నీళ్ళు తాగిన పుస్తకం ఉబ్బుతుంది. కింది రెండు అరల్లో అవి ఎంత బిగుసుకుపోయాయంటే వేలు దూరలేదు. బీరువా పక్క చెక్క ఊడదీశాకగానీ బయటికి రాలేదు. వచ్చినవి పుస్తకాలు కావు, మట్టి ఇటుకలు. నున్నటి ఆర్టు పేపరు మీద అచ్చయినవి పేజీకి పేజీ అతుక్కుని ఒక్క పలకైపోయాయి, వాటిని ఎవరూ విడదియ్యలేరు. పై అరల్లోవి ముణగలేదు. తేమకి మెత్తబడి, అట్టల మీద ఆకుపచ్చ బూజు పట్టాయి. 61 పుస్తకాలు. వాటిని మా ఇంటికి తెచ్చాం.

ఇందులో నాకు ప్రెస్సు చదువు పనికొచ్చింది. తడి పుస్తకాన్ని ఎండలో పెట్టకూడదు. అట్ట కొంకర్లు పోతుంది, కాగితం పెళుసెక్కుతుంది. నీడలో, ఫ్యాను కింద, నిలువుగా నిలబెట్టి, పేజీలు విసనకర్రలా కొంచెం తెరవాలి. ఇరవై పేజీలకి ఒకటి చొప్పున తెల్లకాగితం పెట్టాలి. పాత పేపర్లు పెడితే వాటి సిరా అంటుకుంటుంది. ఆ కాగితాలు చెమ్మగిల్లగానే మార్చాలి. బూజుని ఇంట్లో దులపకూడదు, మాస్కు కట్టుకుని డాబా మీద, మెత్తటి బ్రష్షుతో. దాదాపు ఆరిందనిపించాక బరువు కింద పెట్టాలి. మా ఇంట్లో ఆ బరువు రుబ్బురోలు పొత్రం.

అప్పుడు తెలిసిన సంగతి ఒకటుంది. జిగురుతో అంటించిన కొత్త పుస్తకాలు చెయ్యి తగలగానే పేజీలుగా విడిపోయాయి. ఫారాలు, అంటే అచ్చయిన పెద్ద కాగితాలు, మడిచి దారంతో కుట్టినవి నిలబడ్డాయి. మా చిన్నప్పుడు మాస్కోలో తెలుగులో అచ్చయి, విశాలాంధ్ర వాళ్ళ దగ్గర చవగ్గా దొరికే పిల్లల పుస్తకాలు కొన్ని మా చెల్లి దగ్గరున్నాయి. గుంటూరు నుంచి వచ్చినవి. రంగులు కాస్త అలుక్కుపోయాయిగానీ కుట్టు మాత్రం చెక్కు చెదరలేదు. ఆ సోవియట్ దేశమే లేకుండా పోయింది, దారం ఉంది.

నెల పైన పట్టింది. హాలంతా నిలబడ్డ పుస్తకాలు, వాటి మధ్య దారి చేసుకుని నడిచేవాళ్ళం. కాగితాలు మార్చడానికి కూర్చున్నామా, అయిపోయేది. మార్చాల్సిన పేజీలో ఏదో వాక్యం తగులుతుంది. మా చెల్లి చదువుతుంది. నేను దాని భుజం మీదుగా చూస్తాను. అరవై ఏళ్ళు దాటిన ఇద్దరు ఆడవాళ్ళు, నేల మీద, ఒకే పుస్తకం. ఒక రోజు నా చెయ్యి దానంతటదే గచ్చు మీద రెండుసార్లు కొట్టింది. "ఉండవే అక్కా" అంది. అప్పటిదాకా అది ఏడవలేదు. ఇల్లు పోయినప్పుడు కూడా ఏడవలేదు. అప్పుడు ఏడ్చింది, నవ్వుతూనే.

సరే. నీళ్ళు ఉన్నాయా? థాంక్సమ్మా.

పుస్తకాలు అరువివ్వడం గురించి చెప్పమని ఇందాక ఒకాయన అడిగారు. పుస్తకమూ, వనితా, విత్తమూ పరుల చేతికి పోతే పోయినట్టేనని పాత శ్లోకం ఒకటుంది. వనితని వస్తువుల్లో కలిపిన ఆ కవికి నేను పుస్తకం ఇవ్వను. మిగతా వాళ్ళకి ఇస్తాను, నోటుబుక్కులో రాసుకుని. పేరు, తేదీ, పుస్తకం. అందులో 1996 నాటి బాకీలు కూడా ఉన్నాయి. కొట్టెయ్యలేదు.

కళ్ళ సంగతి. నలభై దాటగానే అందరికీ వచ్చినట్టే చత్వారం వచ్చింది, పుస్తకం చేతికందనంత దూరం పోయింది. అద్దాలొచ్చాయి. అరవై దాటాక ఈ ప్రచురణకర్తలంతా కాగితం మరీ చవకబారుది వేస్తున్నారని రెండేళ్ళు తిట్టుకున్నాను. ప్రతి పుస్తకమూ గోధుమరంగే. ఒకాయనకి ఉత్తరం కూడా రాశాను. తర్వాత శుక్లాల ఆపరేషన్ అయింది. కట్టు విప్పి ఇంటికొచ్చి, ఆ తిట్టిన పుస్తకాల్లో ఒకటి తెరిచాను. మల్లెపువ్వులా తెల్లగా ఉంది. (నవ్వులు) ఆయనకి క్షమాపణ చెప్తూ ఇంకో ఉత్తరం రాశాను. ఆయన జవాబుగా ఒక పుస్తకం పంపారు. ఇప్పుడు ఫోన్లో కూడా చదువుతాను, అక్షరం పెద్దది చేసుకోవచ్చు. వినే పుస్తకాలు మా మనవడు పెట్టాడు. బాగానే ఉంటాయి, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వినొచ్చు. అయితే చదివే ఆయన నాకోసం ఆగడు. వెనక్కి వెళ్దామంటే వేలితో గీసుకుంటూ పోవాలి, ఎక్కడికో వెళ్ళిపోతుంది.

ఈ సంచిలో ఉన్న నవల ఆ 61లోది. చూడండి, ఎట్లా అయిందో. ఒకప్పుడు వేలెడు మందం ఉండేది, ఇప్పుడు జానెడు. పేజీలు అప్పడాల్లా అలలు తేలాయి, తిప్పుతుంటే చప్పుడొస్తుంది. అక్కడక్కడ మరక కింద అక్షరం వెతుక్కోవాలి. మా చెల్లి ఇచ్చింది. పోయిన వారం ఇద్దరం మొదలుపెట్టాం. దానికి వేరే కాపీ దొరికింది, లెనిన్ సెంటర్లోనే. పందెం ఏమీ లేదు, ఊరికే.

అది ఇవాళ వచ్చింది. అదిగో, వెనక, ఫ్యాను కింద కుర్చీ. నేను మాట్లాడుతున్నంత సేపూ ఒళ్ళో పుస్తకం పెట్టుకుని తలొంచుకునే ఉంది, నేను చూడటం లేదనుకుంది. ఇప్పుడు తలెత్తింది. కుర్చీ చెయ్యి మీద రెండు వేళ్ళతో కొడుతోంది.

ఉండవే.